వాగు అవతలి గూడెం

 

నాది కరీంనగర్ జిల్లా. ఉద్యోగం చేసింది మాత్రం గోదావరి దాటి, ఉట్నూరు ఏజెన్సీలో. మలేరియాకు రక్తం స్లైడ్లు తీసే పనితో చేరి, ఆరోగ్య శాఖలోనే సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. సెలవు పెట్టి ఇంటికి పోయినప్పుడల్లా ఒక సంగతి మనసులో గుచ్చుకునేది. మా ఊర్లో ఎవరికైనా అర్ధరాత్రి కడుపునొప్పి లేస్తే ఆటో మాట్లాడుకుని కరీంనగర్ పోతారు. గంటలో సెలైన్ ఎక్కుతుంది. అదే రాత్రి, అదే నొప్పి కెరమెరి గుట్టల మీద ఒక కొలాం ఆదివాసీ గూడెంలో లేస్తే తెల్లారేదాకా ఓర్చుకోవాలి. తెల్లారినాక ఎడ్లబండి కట్టాలి. వానాకాలమైతే వాగు తగ్గేదాకా ఆగాలి. ఈ రెండు ఊర్ల మధ్య దూరం రెండు వందల కిలోమీటర్లు కూడా ఉండదు.

ఏజెన్సీలో పనిచేసినవాళ్ళకు వాగుల పేర్లు చుట్టాల పేర్లలాగే గుర్తుంటాయి. ఎండాకాలంలో చెప్పులు తడవకుండా దాటే వాగు, ఆషాఢంలో గుట్ట మీద ఒక్క గంట వాన పడితే ఎద్దును కూడా నిలబడనివ్వదు. అవతల ఇరవై ముప్పై ఇండ్ల గూడెం. అందులో నిండు చూలాలు. ఇవతలి గట్టు మీద అంబులెన్సు లైట్లు వేసుకుని నిలబడి ఉంటుంది. మధ్యలో నీళ్ళు. నలుగురు మొగపిల్లలు నులక మంచాన్ని భుజాల మీదికెత్తుకుని, ఛాతీ లోతు నీళ్ళలో ఆమెను ఇవతలికి దాటించడం నేను కళ్ళారా చూశాను. ఆ రోజు తల్లీ బిడ్డా దక్కారు. దాటించలేకపోయిన రోజులూ ఉన్నాయి. వాటి గురించి మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ గొంతు పెగలదు.

ఏమీ మారలేదని చెప్తే అబద్ధమవుతుంది. ఒకప్పుడు వానలు మొదలైతే చాలు, ‘మంచం పట్టిన ఏజెన్సీ’ అన్న శీర్షిక పత్రికల్లో ఏటా కనబడేది. ఇంటింటికీ జ్వరం ఉండేది. మందు పట్టించిన దోమతెరలు, ఆశా కార్యకర్తల చేతికి వచ్చిన మలేరియా పరీక్ష కిట్లు, సమయానికి పడిన మాత్రలు ఆ పరిస్థితిని చాలా మార్చాయి. ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్ దవాఖాన వచ్చింది. 108 అంబులెన్సు వచ్చింది. రోడ్డు పడిన గూడేల్లో ఆడవాళ్ళు దవాఖానలో కాన్పు కావడం మామూలు సంగతయింది. నేను ఇవాళ మాట్లాడేది ఇంకా మిగిలిపోయిన గూడేల గురించి.

2011 జనాభా లెక్కల నాటి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో దాదాపు 18 శాతం గిరిజనులే. 2016లో ఆ జిల్లా నాలుగైంది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. జిల్లా కేంద్రాలు దగ్గరికి వచ్చాయి, గుట్టలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. గోండులు, కొలాములు, తోటీలు, ప్రధాన్లు, నాయకపోడులు ఉండే నేల ఇది. వీళ్ళలో కొలాములను, తోటీలను ప్రభుత్వమే మరింత బలహీన స్థితిలో ఉన్న ఆదిమ తెగలుగా గుర్తించింది.

లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్తాను. మైదానంలో అయిదు వేల మందికి ఒక ఉపకేంద్రం, గిరిజన ప్రాంతంలో మూడు వేలకే ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో ముప్పై వేలకు, ఏజెన్సీలో ఇరవై వేలకు. కాగితం మీద ఇది ఆదివాసీకి అనుకూలమే. కానీ మూడు వేల మంది అంటే మా కరీంనగర్ వైపు ఒక పెద్ద ఊరు. సైకిలు మీద ఒక పూటలో తిరిగి రావచ్చు. తిర్యాణి వైపో సిర్పూర్-యు వైపో అదే మూడు వేల మంది ఇరవై గూడేల్లో ఉంటారు. ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి గుట్ట ఎక్కి దిగాలి. ఒక్క ఏఎన్ఎం టీకాల డబ్బా భుజాన వేసుకుని అన్నీ తిరగాలి. మనుషులను లెక్కపెట్టి ఉపకేంద్రం ఇవ్వడం కాదు, నిండు చూలాలు కాలినడకన ఎంతసేపట్లో అక్కడికి చేరుతుందో లెక్కగట్టి ఇవ్వాలని నేను మొదటి నుంచీ మీటింగుల్లో అంటూనే ఉన్నాను. ఇప్పుడు రేడియోలోనూ అంటున్నాను.

రోడ్డు, వంతెన రావాలి. అందులో రెండో మాట లేదు. కానీ వంతెన వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. కాన్పు తేదీకి ముందే ఆమెను వాగు ఇవతలికి తెచ్చి, దవాఖాన పక్కన ఉంచడం. అప్పటి విజయనగరం జిల్లా ఏజెన్సీలో, సాలూరులో 2018లో గర్భిణుల కోసం ఒక వసతి గృహమే తెరిచారు. నెలలు నిండకముందే కొండల మీది నుంచి వచ్చి అక్కడ ఉండొచ్చు. తిండి, పరీక్షలు అక్కడే. నొప్పులు మొదలైతే దవాఖాన పక్కనే ఉంటుంది. అదే ఏడాది ఆంధ్రా ఏజెన్సీల్లో మోటారు సైకిలుకు తొట్టి తగిలించిన ఫీడర్ అంబులెన్సులు కూడా దింపారు. పెద్ద బండి పోని బాటలో చిన్న బండి పోతుంది. మన గుట్టలకు ఈ రెండూ అక్కరకొస్తాయి.

కానీ ఆ గర్భిణి మనం పిలవగానే వస్తుందా? రాదు. ఎందుకు రాదో కనుక్కోకుండానే ‘వీళ్ళకు తెలివి లేదు’ అనేవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటారు. పశువులుంటాయి. పత్తి ఏరే కాలమైతే కూలి పోతుంది. దవాఖానలో ఆమె భాష ఎవరికీ రాదు. తోడు వచ్చిన అత్తను రాత్రి లోపల ఉండనివ్వరు. ఎవరో కసురుకుంటారు. ఒక్కసారి కసిరితే ఆ మాట ఆ గూడెంలోనే కాదు, చుట్టుపక్కల నాలుగు గూడేల్లో పదేళ్ళు బతికి ఉంటుంది.

భాష సంగతి కొంచెం చెప్పనివ్వండి. తెలుగులో మనం నీరు అంటాం. గోండీలో అది ఏర్, కొలామీలో ఈర్. చెవి పెట్టి వింటే మన ఏరు, నీరు ఆ మాటల్లోనే వినబడతాయి. ఒక్క తల్లి కడుపున పుట్టిన భాషలివి. అయినా ఆ రెండు మాటలూ నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఎందుకంటే నేర్చుకోవాలని నాకెవరూ చెప్పలేదు. ‘నొప్పి ఎప్పటి నుంచి? తిన్న తరువాతా, తినకముందా? కడుపులో బిడ్డ కదులుతోందా?’ ఈ ప్రశ్నలకు సరైన జవాబు రాకుండా ఏ డాక్టరు మాత్రం ఏం మందు రాస్తాడు? తెలుగు వచ్చిన మగవాళ్ళు పక్కన నిలబడి ఆడవాళ్ళ జబ్బు తర్జుమా చేస్తుంటారు. కొన్ని సంగతులు ఆమె అతని ముందు నోటితో అనలేదు. ఆ అనలేని సంగతే జబ్బు అయి ఉంటుంది.

ఈ చిక్కుకు ఏనాడో ఒక దారి దొరికింది, అదీ ఇక్కడే, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమురం భీం నేలకొరిగిన తరువాత, ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ జైనూర్ దగ్గర మార్లవాయిలో గోండుల మధ్యనే ఇల్లు వేసుకుని ఉన్నారు. 1943లో ఆ గూడెంలోనే ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్ళను తెస్తే నిలవరు, నిలిచినా పిల్లలకు వాళ్ళ మాట అర్థం కాదు. అందుకని గోండు యువకులనే పంతుళ్ళుగా తయారుచేశారు. వాచకాలు గోండీలోనే రాయించారు. బెట్టీ 1987లో చనిపోయారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది, తరువాత హైమన్‌డార్ఫ్ చితాభస్మాన్నీ అక్కడే ఉంచారు. ఎనభై ఏళ్ళ కింద బడి విషయంలో అర్థమైన సంగతి దవాఖాన విషయంలో మనకు ఇప్పటికీ పూర్తిగా తలకెక్కలేదు. గోండు ఏఎన్ఎంలు, గోండు ఆశాలు ఇప్పుడు ఉన్నారు, సంతోషమే. కొలాం నర్సు, తోటి నర్సు ఎంతమంది ఉన్నారు? వాళ్ళు చదువుకోవడానికి ఎన్ని సీట్లు పక్కన పెట్టాం? చదివినవాళ్ళను వాళ్ళ గుట్టల మీదికే పంపుతున్నామా?

మార్లవాయి ఒక పాఠమైతే, రెండో పాఠం ప్రాణహిత నది అవతలే ఉంది. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అయి, ఇటు మన ఆసిఫాబాద్, మంచిర్యాల, అటు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల నడుమ పారి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అటు కూడా గోండులే. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో సెర్చ్ అనే సంస్థ పెట్టారు. దవాఖాన కట్టే ముందు వాళ్ళు చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. జనాన్ని కూర్చోబెట్టి, మీకు ఎలాంటి దవాఖాన కావాలని అడిగారు. జనం ఏమన్నారో తెలుసా? పెద్ద మేడలు చూస్తే మాకు భయం, లోపల దారి తప్పిపోతాం అన్నారు. మేము శవానికి కప్పేది తెల్లబట్ట, మీ డాక్టర్లు నర్సులు తెల్లబట్టలే కట్టుకుంటారు, వాళ్ళు ప్రాణం ఎట్ల పోస్తారు అన్నారు. రోగిని తీసుకుని మమ్మల్ని బయటికి పొమ్మంటారు, మావాళ్ళను వదిలి మేమెక్కడ ఉండాలి అన్నారు. దాంతో ఆ దవాఖానను గుడిసెల పల్లెలాగా కట్టారు. రోగితో పాటు ఇంటివాళ్ళు ఉండేలాగా, వండుకునేలాగా ఏర్పాటు చేశారు. దానికి వాళ్ళు కొలిచే దంతేశ్వరీ తల్లి పేరే పెట్టారు.

అక్కడితో ఆగలేదు. పల్లెల్లోనే కొంచెం చదువు వచ్చిన ఆడవాళ్ళను ఎంచుకుని ఆరోగ్య దూతలుగా తీర్చిదిద్దారు. పుట్టిన బిడ్డను తూచడం, వెచ్చగా చుట్టడం, తల్లిపాలు పట్టించడం, ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం, సెప్సిస్ లక్షణాలు గుర్తుపట్టి అవసరమైతే ఇంజెక్షను ఇవ్వడం నేర్పారు. 39 ఊర్లలో చేశారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. పెద్ద యంత్రం లేదు, పెద్ద భవనం లేదు. ఆ ఊరి ఆడమనిషి, ఒక సంచి, నేర్చుకున్న చెయ్యి. ఇవాళ మన ఆశా కార్యకర్త కాన్పైన ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు అంటూ నలభై రెండో రోజు దాకా పోయి బిడ్డను చూస్తోందంటే, ఆ అలవాటుకు బీజం పడింది నది అవతలి ఆ పల్లెల్లోనే.

ఆడమనిషి చెయ్యి అన్నాను కదా, నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి. ఒక గూడెంలో గర్భిణులకు రక్తం పెరిగే మాత్రలు ఇచ్చి వచ్చాం. నెల తిరిగి పోతే మాత్రలు చూరులో చెక్కి ఉన్నాయి. ఒక తల్లి మీద నేను గట్టిగా కోప్పడ్డాను. ఆమె తల వంచుకుంది, ఏమీ అనలేదు. మా బృందంలోని ఒక గోండు అమ్మాయి ఆమె పక్కన కూర్చుని మెల్లగా అడిగితే అప్పుడు బయటపడింది. మాత్ర వేసుకున్న మర్నాడు మలం నల్లగా అయిందట. లోపల ఏదో కుళ్ళిపోతోందని భయపడింది. మాత్ర వేసుకుంటే అలా నల్లగా అవుతుందనీ, అది మామూలేననీ, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం ఉండదనీ ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. చెప్పాల్సింది నేనే. తెలంగాణలో ఆడవాళ్ళలో 57 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ అంకె ఎప్పుడు విన్నా నాకు చూరులో చెక్కిన ఆ మాత్రల అట్టే గుర్తొస్తుంది.

రక్తం తగ్గడానికి తిండి కూడా కారణమే. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో గూడెంలో ఏ పొయ్యి మీద చూసినా జొన్న గట్క ఉండేది. చేనంతా పత్తి అయిన తరువాత జొన్న వెనకబడి, పళ్ళెంలో రేషను బియ్యమే మిగిలింది. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొచ్చేవాళ్ళు ఆ లడ్డూ ఒకటి తిని చూడాలి. ఆ పువ్వును ఆదివాసీ తల్లులు కరువు రోజుల్లో పిల్లలకు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు.

ఇంకొకటి, సికిల్ సెల్ జబ్బు. దీని గురించి రేడియోలో నిదానంగా చెప్పాల్సిన అవసరం ఉంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలి ఆకారానికి వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. కీళ్ళు, ఎముకలు విపరీతంగా నొస్తాయి. పిల్లవాడు పాలిపోతాడు, కళ్ళు పచ్చబడతాయి, మాటిమాటికీ జ్వరం వస్తుంది. దీన్ని పాపమనో చేతబడి అనో అనుకోవద్దు. తరతరాలుగా మలేరియా ఉన్న అడవుల్లో, ఈ లక్షణం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళకు ఆ జ్వరం నుంచి కొంత కాపు దొరికింది. అందుకే ఆ లక్షణం ఆదివాసుల్లో నిలిచిపోయింది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. తల్లీ తండ్రీ ఇద్దరూ లక్షణం మోసేవాళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం దీని మీద జాతీయ మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపు వాళ్ళకు పరీక్షలు చేసి కార్డులు ఇవ్వాలన్నది ఏర్పాటు. హైడ్రాక్సీయూరియా మాత్ర డాక్టరు చెప్పినట్టు రోజూ వాడితే నొప్పులు బాగా తగ్గుతాయి. నీళ్ళు ఎక్కువ తాగాలి, చలికి కప్పుకోవాలి, జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇక్కడ గోండు పెద్దలకు నాదొక మనవి. మీరు పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ముందుగా చూసేది సగా. నాలుగు దేవుళ్ళ వాళ్ళా, అయిదా, ఆరా, ఏడా అని అడిగి గానీ మాట కలపరు. ఒకే సగాలో ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. ఈ కట్టుబాటు ఇంత గట్టిగా నిలిచిన సమాజంలో, సగాతో పాటు రక్తం కార్డు కూడా చూసుకోవడం కష్టమేమీ కాదు. లక్షణం మోసే పిల్లకు పెళ్ళి చేయొద్దని నేననను. అలా అంటే మహాపాపం. ఇద్దరూ మోసేవాళ్ళయితే మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడండి, అంతే. ఈ మాట సర్కారు పోస్టరు చెప్తే గోడ మీద ఉండిపోతుంది. రాయ్ సెంటర్‌లో, అంటే మీ పెద్దల పంచాయతీలో, దాని పెద్ద అయిన సార్మేడి చెప్తే ఇంటింటికీ పోతుంది.

రాయ్ సెంటర్లను ఆరోగ్య శాఖ ఎందుకు పిలిచి కూర్చోబెట్టదో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. దీపావళికి ముందు దండారి పండుగ రోజులుంటాయి. గుస్సాడీ వేషం కట్టిన నర్తకులు, డప్పులు, వాళ్ళ వెంట గూడెమంతా ఇంకో గూడేనికి విడిదికి పోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో టీకాల తేదీ పెట్టి, జీపేసుకుని గుట్ట ఎక్కి, తాళం పెట్టిన ఇండ్లు చూసి దిగివచ్చిన బృందంలో నేనూ ఉన్నాను. గూడెం పూజారి కటోడాను ఒక్క మాట అడిగి ఉంటే ఏ గూడెం ఏ రోజు ఎక్కడుంటుందో చెప్పేవాడు. అందరూ ఒకచోట ఉన్నప్పుడే టీకాలు వేసి ఉండేవాళ్ళం. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. హైమన్‌డార్ఫ్ కాలం నుంచీ అక్కడ దర్బారు నడుస్తోంది. అధికారులు వచ్చి కూర్చుని జనం మొర వింటారు. ఆ దర్బారులో మండలానికొక పేజీ లెక్క చదవాలి. ఏడాదిలో ఏ గూడెంలో ఎంతమంది తల్లులు పోయారు, ఎంతమంది పసిపిల్లలు పోయారు, ఏ ఉపకేంద్రంలో నర్సు లేదు అన్నది గోండీలో, కొలామీలో, తెలుగులో అందరికీ వినబడేలాగా చదవాలి.

ఆరోగ్యం పనిలో జనం మాటే ముందుండాలన్నది మనకొక్కరికే వచ్చిన ఆలోచన కాదు. ఆస్ట్రేలియా సంపన్న దేశం. అక్కడి ఆదిమవాసులకూ దవాఖానల్లో అవమానాలే ఎదురయ్యేవి. 1971లో సిడ్నీ నగరంలోని రెడ్‌ఫర్న్‌లో వాళ్ళే ఒక చిన్న వైద్యశాల తెరిచారు. నడిపే కమిటీ వాళ్ళదే, పద్ధతి వాళ్ళదే. అలాంటివి ఇప్పుడు ఆ దేశంలో వందకు పైగా ఉన్నాయి. మన దేశంలోనూ డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన 2013లో వేసిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. అధికారులు అది చదివే ఉంటారు. నేను ఇవాళ మాట్లాడింది ఎక్కువగా గూడెం వాళ్ళ కోసం, గూడేనికి పోయే కొత్త ఉద్యోగుల కోసం.

వానలు దగ్గర పడుతున్నాయి. మీ గూడెంలో ఆషాఢం, శ్రావణంలో నెలలు నిండే చూలాలు ఉంటే, రేపు పొద్దున్నే ఆశా కార్యకర్త దగ్గరికి పోయి తేదీ రాయించండి. రోడ్డుకు దగ్గరున్న ఊర్లో ఆమెకు చుట్టమెవరో అడిగి తెలుసుకోండి. తేదీకి పది రోజుల ముందే ఆమెను అక్కడికి చేర్చండి, తోడుగా అత్తనో అమ్మనో పంపండి. ఇంట్లో మిగిలిన పిల్లలకు ఎవరు వండిపెడతారో, పశువులను ఎవరు తోలుకుపోతారో ఈ వారమే కూర్చుని మాట్లాడుకోండి. ట్రాక్టరు ఎవరిదుందో, ఫోను సిగ్నలు ఏ గుట్ట ఎక్కితే దొరుకుతుందో పిల్లలక్కూడా చెప్పి ఉంచండి. 108 అని మూడు అంకెలు గోడ మీద బొగ్గుతో పెద్దగా రాసి పెట్టండి.